మా అత్త షేర్ల మంద

పశువునమ్మిన డబ్బుతో బంగారం కొనకూడదు. ఆ డబ్బుతో బియ్యం తెచ్చుకోకూడదు, చీర కట్టుకోకూడదు, బ్యాంకులో వేసి వడ్డీ అసలే తినకూడదు. ఆ డబ్బు మళ్ళీ పశువులోకే వెళ్ళాలి. పద్మనాభం వైపు ఊళ్ళల్లో పశువులున్న ఇళ్ళన్నిటా ఇదే పద్ధతో, లేక మా అత్త సొంతంగా చేసుకున్న చట్టమో నాకు ఈనాటికీ తెలీదు. అడిగితే "అందరూ అలగే సేత్తారే" అంటుంది. ఆ అందరూ ఎవరో మాత్రం చెప్పదు.

మోకాలు అరిగిపోయి, ఆఖరి గేదెను కూడా అమ్మేసి, అత్త కంచరపాలెంలో మా ఇంటికి వచ్చింది. గొంతుక్కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. గొంతుక్కూర్చోకుండా గేదెను పితకడం ఎలాగో ఆయన చెప్పలేదు కాబట్టి అత్తకు ఆయన మీద కోపం. ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది నేను కాబట్టి నా మీద ఇంకా కోపం.

మాది రైలు పట్టాల పక్క వీధిలో అద్దె ఇల్లు. మేడ మీద కాపురం, కింద ముందు గదిలో నా టైలరింగ్ షాపు. మా ఆయన పోర్టులో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. అత్త తెల్లారకుండానే లేచేసేది. లేచి ఏం చెయ్యాలో తెలియక వంటింట్లో గిన్నెలు అటు నుంచి ఇటు సర్దేది, మెట్లు దిగి గేటు దాకా వెళ్ళి వచ్చేది. ఆవిడ ఒళ్ళు పాలు పితికే వేళకి లేపేస్తోంది, లేచాక పితకడానికి ఏమీ లేదు. "నాకిక్కడ పనేటే అమ్మీ? తొలకరి పడగానే ఎల్లిపోతాను. మా సెల్లి ఇంటికాడ గేదెలున్నాయి" అనేది రోజూ. వెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు. చెల్లెలి గేదెల కింద కూర్చుంటుంది, ఆ మోకాలు ఇక లేవదు. అదొకటే కాదు, దాపరికం ఎందుకు, నాకు ఆవిడ కావాలి. మధ్యాహ్నాలు షాపులో నా పక్కన కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతూ, కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్ళ ఇంటి గొడవలన్నీ లాగి, వాళ్ళు వెళ్ళాక వాళ్ళలాగే మాట్లాడి చూపించేది. నవ్వలేక నేను మిషను ఆపేసేదాన్ని. అలాంటి మనిషిని ఎలా పంపిస్తాం?

షేర్ల పిచ్చి మా ఆయనకు పోర్టులో అంటుకుంది. అన్నం క్యారేజీలు విప్పుతూనే ఫోన్లు ముందేసుకుని "బావా ఇది కొను, బావా అది అమ్మెయ్యి" అని ఒకటే గోల. ఇంటికొచ్చి నాకూ చెప్పబోయేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు అన్నం తింటూ, పశువుల ఫారాలు పెట్టి పాలమ్మే కంపెనీ ఒకటి కొత్తగా మార్కెట్లోకి వస్తోందని, ఎలమంచిలి అవతల కూడా దానికో ఫారం ఉందని మాటవరసకు అన్నాడు.

అత్త చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "పశువుల్లో వాటాలమ్ముతన్నారా?"

"పశువుల్లో కాదమ్మా, కంపెనీలో."

"కంపినీకేటున్నాయి? పశువులేగా? డబ్బు మనది, మేతా సాకిరీ ఆల్లది. మనూళ్ళో వాటాకి గేదెనివ్వడం నేదేటి? ఇందులో కొత్తేటుందిరా?"

వాళ్ళ ఊళ్ళో ఆ అలవాటు ఉంది. డబ్బున్నవాళ్ళు గేదె పడ్డనొకదాన్ని కొని, ఓపికున్నవాళ్ళకిచ్చి పెంచమంటారు. అది ఈనాక వచ్చినదాంట్లో చెరి సగం. మా ఆయన ఏడాది నుంచి చెప్తున్న షేర్ల సంగతి నాకు ఆ పూట అర్థమైంది.

అమ్మ ఇంత తేలిగ్గా ఒప్పుకునేసరికి ఆయనకు భయం పట్టుకుంది. "పడిపోవచ్చు కూడానమ్మా. డబ్బు పోవచ్చు" అన్నాడు.

"గేదె మాత్రం సావదేటిరా?" అంది అత్త. చెయ్యి కడుక్కుని, గేదెనమ్మిన డబ్బంతా తెచ్చి కొడుకు ముందు పెట్టింది.

షేర్లు కొనాలంటే ముందు ఆవిడ పేరున ఖాతా తెరవాలి. అది ఫోన్లోనే అవుతుంది గానీ, మనిషి నిజంగా బతికున్న మనిషేనని ఫోను నమ్మాలి. అందుకు కెమెరాలోకి చూసి కళ్ళు ఆర్పాలి. అత్తకు ఫొటో అంటే కళ్ళు ఆర్పకూడదని రేషన్ కార్డు నాటి నుంచీ పాఠం. గుడ్లు మిటకరించి అలా కూర్చుండిపోయింది. "ఆర్పమ్మా" అని కొడుకు, "ఆర్పత్తా" అని నేను. "ఆరిపిత్తే ఫొటో పాడైపోద్దిరా, నాకు తెల్దనుకున్నావేటి?" అని ఆవిడ. ఫోను మాటిమాటికీ మళ్ళీ ప్రయత్నించండి అంటోంది. చివరికి ఇంటి వెనక గూడ్సు బండి గుండె అదిరేలా కూత పెట్టింది. అత్త కళ్ళు టపటపలాడాయి. ఫోను ఒప్పేసుకుంది. ఆవిడ వృత్తి దగ్గర మా ఆయన గృహిణి అని పెట్టబోతే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇంట్లో ఎప్పుడున్నాన్రా నాను? పశువుల రైతని రాయి."

ఆ కంపెనీ షేర్ల కోసం జనం పెద్దగా ఎగబడలేదేమో, అడిగినన్నీ వచ్చాయి. మా ఆయనకు అదీ అనుమానమే, ఎవరికీ అక్కర్లేనివి మనకొచ్చాయని. అత్తకు మాత్రం ఇంటికి మంద దిగినంత సంబరం. మార్కెట్లో ఆ షేరు మొదటిసారి అమ్మకానికి వచ్చే రోజు పొద్దున్నే తలంటుకుని, కొత్త గేదె గడప తొక్కితే ఏం చేస్తారో అవన్నీ చేసింది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. పసుపు రాసి బొట్టు పెట్టింది. మెడలో నల్లతాడు కట్టాలి కదా, కట్టింది. ఇవన్నీ దేనికి చేసిందంటారు? మా ఆయన ఫోనుకి. పశువులు అందులోనే ఉన్నాయి మరి. పసుపు పూసిన ఫోను నల్లతాడుతో చేతిలో పెట్టుకుని పోర్టుకి వెళ్ళాడు పాపం. ఆ రోజు నుంచి అక్కడ ఆయన్ని అందరూ "ఏం బావా, ఈనిందా?" అని అడగడం మొదలెట్టారు.

ఈనడం మాట దేవుడెరుగు, షేరు మొదటి రోజే కొన్న ధర కిందికి జారింది. మర్నాడు ఇంకాస్త జారింది. మా ఆయన ముఖం నల్లబడిపోయింది. "అమ్మా, ఇంకా పడకముందే అమ్మేద్దామా?" అని తల్లి ముందు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

అత్త హుక్కు కుడుతూ తల ఎత్తలేదు. "కొత్త సోటికొచ్చిన గేదె మొదట్లో సేపదురా. పాలుంటాయి, ఇవ్వదు. దానికి గాబరా. పక్కన నిలబడి మెల్లగా నిమరాల. నువ్విలా మీదపడి గోల సేత్తే అదేటిత్తాది?"

నేను మిషను తొక్కడం ఆపి ఆవిడ వంక చూశాను. ఆవిడ గేదె గురించే మాట్లాడుతోంది. నేను మాత్రం ఆ రోజు నుంచి "ఎందుకత్తా వెళ్ళడం, ఇక్కడేం తక్కువైంది" అని ఆవిడ ప్రాణం తియ్యడం మానేశాను.

ఇంకొక నియమం కూడా పెట్టింది. పాలు ఎన్నిచ్చిందో పైకి చెప్పకూడదు, దిష్టి తగులుతుంది. కాబట్టి రేటు పైకి చెప్పకూడదు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి ధర ఎంతో చెప్పబోతే నోరు మూసేది. అందుకని షేరు పెరిగితే "బాగా మేసిందమ్మా" అనేవాడు, తగ్గితే "ఇవాళ మేత ముట్టలేదు" అనేవాడు. మొదట్లో నేను నవ్వేదాన్ని, నాలుగు రోజులకి నాకూ అలవాటైపోయింది. మెట్ల మీద నుంచే "ఏటండీ, మేసిందా?" అని కేకేసేదాన్ని.

ఆ కేకలన్నీ కింద వెనక వాటాలో ఉండే మా ఇంటి ఓనరమ్మ వింటూనే ఉంది. ఒకరోజు పట్టపగలు కర్ర పట్టుకుని, ముక్కుకు చెంగడ్డం పెట్టుకుని, దబదబా మెట్లెక్కి నేరుగా డాబా మీదకు వెళ్ళిపోయింది. వెనకే నేను పరిగెత్తాను.

"ఏదీ? ఎక్కడ కట్టారు?"

"ఏటి పిన్నిగారూ?"

"నాతో నాటకాలాడకు. ముసలావిడ ఊరి నుంచి గేదెని తోలుకొచ్చిందని వీధంతా తెలుసు. మేసిందా, తాగిందా, పడుకుందా అని రోజూ మీరే అరుత్తన్నారు. మేడ మీద గేదెని పెడితే నా స్లాబేటైపోద్ది!"

నీళ్ళ ట్యాంకు వెనక కూడా వంగి చూసిందంటే నమ్మండి. గేదె మెట్లెలా ఎక్కుతుందండీ అని నాకు తిక్కరేగి నాలుగు అనేసేదాన్నే. ఈలోగా అత్త కుంటుకుంటూ పైకొచ్చి, ఆవిడను కూర్చోబెట్టి, ఫోను సంగతంతా చెప్పింది. ఓనరమ్మ అంతా విని, కర్ర పక్కన పెట్టి, "అయితే పేడ ఉండదన్నమాట" అంది. ఇద్దరూ అలా నవ్వుతూనే ఉన్నారు. ఆ తర్వాత ఓనరమ్మ కూడా సాయంత్రం గేటు దగ్గర మా ఆయన్ని ఆపి "మేసిందా?" అని అడిగేది.

అత్త చెప్పినట్టే, మెల్లగా అది మెయ్యడం మొదలెట్టింది. కొన్న ధర దాటింది. మా ఆయనకు మళ్ళీ చేతులు దురద, లాభానికి అమ్మేద్దామని. పాలిచ్చేదాన్ని ఎవులైనా అమ్ముకుంటారేటిరా అని అత్త కసిరింది. కసిరి, ఒక పిడుగు లాంటి మాట కూడా అంది. "కంటితో సూడని పశువుని ఎన్నాల్లుంచుకుంటాం? ఒకపాలి ఎల్లి సూసొద్దాం. ఒచ్చిన మర్నాడు నాను ఊరెల్లిపోతాను. మబ్బులట్టేత్తన్నాయి."

ఆ రాత్రే తన చీరలన్నీ సంచిలో సర్దేసుకుంది. ఆ సంచిని నేను మంచం కిందికి తోసేస్తే, తీసి మళ్ళీ గుమ్మం పక్కనే పెట్టింది.

ఆదివారం పొద్దున్న బండెక్కి ఎలమంచిలిలో దిగాం. అక్కణ్ణుంచి ఆటో. జీడిమామిడి తోటల మధ్య పొడుగాటి ప్రహరీ, పెద్ద ఇనప గేటు. గేటు దగ్గర కాపలా ఆయన లోపలికి కుదరదన్నాడు. పర్మిషన్ కావాలి, ఆఫీసుకు ఫోను చెయ్యాలి, ఆదివారం ఆఫీసు ఉండదు. మా ఆయన సరేనని వెనక్కి తిరిగాడు. ఆయనంతే, ఎవరు పొమ్మన్నా పోతాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏటండీ కుదరదు? ఈవిడెవరనుకున్నారు? ఈ కంపెనీ ఓనరు! ఓనరు తన పశువుల్ని సూసుకోడానికొత్తే గేటేత్తారా?"

కాపలా ఆయన అత్త వంక చూశాడు. నేతచీర, మోకాలికి కట్టిన పట్టీ, చేతిలో తవుడు మూట. తవుడు! చూడ్డానికి ఒట్టి చేతుల్తో వెళ్తామా అని తెచ్చింది. ఆయనకు నవ్వాగలేదు. అత్త సిగ్గుతో నా చెంగు పట్టి లాగుతోంది. ఈ గలాటాకి లోపలి నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది, పశువుల డాక్టరు. విషయమంతా విని ఆవిడా నవ్వింది గానీ, మంచి నవ్వు. తవుడు బయటే పెట్టెయ్యమని, మందు కలిపిన నీళ్ళ తొట్టిలో కాళ్ళు ముంచి రమ్మంది. "కాల్లు కడుక్కోమన్నారు. పద్దతి తెలిసినోల్లే" అని అత్త నా చెవిలో మెచ్చుకుంది.

షెడ్డు చూసి నోరెళ్ళబెట్టాను. అటు చివర కనపడనంత పొడుగు. పైన పెద్ద పెద్ద ఫ్యాన్లు, వాటి నుంచి సన్నటి నీటి తుంపర. కింద పరుపుల్లాంటి రబ్బరు చాపలు. వాటి మీద వరసగా నలుపూ తెలుపూ మచ్చల ఆవులు.

అత్త ఆగిపోయింది. "ఆవులా?"

"అవునమ్మా, అన్నీ ఆవులే" అంది డాక్టరమ్మ.

"గేదెల్నేవా? ఒక్కటీ నేదా?" అని, గిర్రున కొడుకు వైపు తిరిగింది. "పశువుల్లో పుట్టి పెరిగినావు గదరా! గేదో ఆవో సూసుకోకుండా కొనిపించేసినావేటిరా?"

"పశువులనే రాశారమ్మా" అని ఆయన నసిగాడు. అయిపోయింది, ఇవాళే అమ్మేయమంటుంది, రేపు సంచి తీసుకుని వెళ్ళిపోతుంది అనుకున్నాను.

"మరి ఇందులో నాయేవి?" అని అడిగింది అత్త.

"అన్నిట్లోనూ మీకు కాస్త కాస్త ఉందమ్మా."

"అంటే నాను పిలిత్తే ఏదీ రాదు" అంది. అని కూడా, నోటితో చప్పుడు చేసి పిలిచింది. ఒక ఆవు నెమరు ఆపి చూసి, మళ్ళీ నెమరేసుకోవడంలో పడింది.

షెడ్డు మధ్యలో స్తంభానికి ఒక పెద్ద బ్రష్షు ఉంది, పందిరి గుంజంత లావు. ఒక ఆవు తనంతట తను వచ్చి దానికి ఆనుకుంది. ఆనుకోగానే అది గిరగిరా తిరుగుతూ ఆవు వీపంతా గోకడం మొదలెట్టింది. ఆవు మెడ చాచి, కళ్ళు మూసుకుని, అలా నిలబడిపోయింది. అత్త కడుపు పట్టుకుని నవ్వు. "ఓలమ్మో! దాని వైబోగం సూడే! నానెన్నేళ్ళు గడ్డి సుట్టతో తోమానే గేదెల్ని, నా రెక్కలు పడిపోయినాయి!" డాక్టరమ్మ, మా ఆయన, నేను, అందరం నవ్వు.

అక్కణ్ణుంచి ప్రశ్నలు మొదలెట్టింది. పాలెన్నిస్తాయని అడుగుతుందనుకున్నాను. అదొక్కటీ అడగలేదు.

"తెల్లారగట్ట ఎవులు పితుకుతారు?"

"మిషన్లమ్మా. మనుషులు షిఫ్టుల్లో ఉంటారు."

"ఆ మనిషికి జెరమొత్తే?"

"ఇంకొకరొస్తారు."

"పండగ పూటో?"

"పండగకీ ఉంటారమ్మా."

"ఆల్లింట్లో పెల్లయితే? ఎవులైనా పోతే?"

"ఎవరికేమైనా పాలు ఆగవమ్మా. ఎవరో ఒకరు ఉంటారు."

అత్త తల ఊపింది. ఇంకేం అడగలేదు.

తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఉంది. నేను కదపడానికి భయపడ్డాను. మా ఆయన సెనగలు కొనిచ్చినా చేతిలోనే పట్టుకుని కూర్చుంది. అనకాపల్లి దాటాక ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"నీ పెల్లిలో నాను బువ్వకి ఉన్నేదు, జ్ఞాపకముందేటే?"

లేకేం. తాళి కట్టగానే అత్తగారు కనపడలేదు. పెళ్ళి భోజనాల్లో మా వాళ్ళందరూ ఏదీ, ఏదీ అని అడిగారు. పిల్ల నచ్చలేదేమోనని మా పిన్ని అననే అంది. నాకూ అదే అనిపించింది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు పోట్లాడుకున్నా ఆ మాట మాత్రం ఎప్పుడూ అడగలేదు, అడిగితే అవునంటుందేమోనని.

"పితికే యేలైపోతంది. సూలు గేదె కూడా ఉంది ఇంటికాడ. అచ్చింతలేసి లగెత్తుకుని బస్సెక్కేసినాను. కొడుకు పెల్లి బువ్వ తిన్నేదు నాను. మా అమ్మ పోయినప్పుడూ అంతే, కాసేపు కూకుని ఒచ్చేసినాను. ఎవులింటా ఒక్క రాత్రి పడుకున్నేదే నాను. ఆటిని ఒగ్గేసి ఎలగ ఉంటాను?"

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళు పితికి పితికి గట్టిపడి ఉన్నాయి. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. "ఇన్నాళ్ళూ సెప్పవేటత్తా!" అని బండిలో అందరూ తిరిగి చూసేలా కసిరాను.

"నువ్వడిగినావేటి?" అంది. సెనగలు నోట్లో వేసుకుంది.

మర్నాడు నాకు మెలకువ వచ్చేసరికి బాగా తెల్లారిపోయింది. బయట వాన. తొలకరే. వంటింట్లో గిన్నెల చప్పుడు లేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు లేదు. దిగ్గున లేచి చూస్తే అత్త గోడ వైపు తిరిగి పడుకునే ఉంది. "ఏమండీ!" అని అరిచాను. మా ఆయన బ్రష్షు నోట్లో పెట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం మంచం పక్కన నిలబడ్డాం. ముట్టుకోవడానికి ఇద్దరికీ చెయ్యి రాలేదు. చివరికి ఆయన వేలు తీసుకెళ్ళి తల్లి ముక్కు దగ్గర పెట్టాడు.

అత్త ఒక కన్ను తెరిచింది.

"ఏట్రా అది, నాను బతికే ఉన్నాను. తియ్యి సెయ్యి."

"పొద్దెక్కిపోయిందత్తా, లేవకపోతే హడలిపోయాం" అన్నాను. అని, ఉండబట్టలేక, "ఊరెళ్తానన్నావుగా, వాన పడుతోంది మరి" అన్నాను.

"ఊల్లో ఏటుందే? నా పశువులు ఎలమంచిలిలో ఉన్నాయి. ఈపాటికి ఎవులో పితికేసుంతారు" అంది అత్త. దుప్పటి మెడ దాకా లాక్కుంది. "తలుపు దగ్గిరికెయ్యే, సల్లగాలొత్తంది. ఇంకాసేపు పడుకుంతాను."